బెలుంలో బెల్లు లేదు

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ స్కాన్ తీసే పని నాది. పద్నాలుగేళ్లుగా రోజుకు పది పన్నెండు సార్లు నా నోట వచ్చే మాట ఒకటుంది: "ఏమీ కాదమ్మా, కళ్లు మూసుకోండి." పెద్దవాళ్లయితే "ఏమీ కాదు తాతా." బల్ల మీద పడుకున్నవాళ్లు ఆ గొట్టంలోకి మెల్లగా జరుగుతూ ఆఖరి క్షణంలో మెడ ఎత్తి నా వైపు ఒక చూపు చూస్తారు. పీలేరు నుంచి వచ్చిన రైతైనా, కొండ మీద కళ్లు తిరిగి పడిపోయి, గుండు మీద గంధం ఆరకముందే మా దగ్గరికి వచ్చిన యాత్రికుడైనా ఆ చూపులో తేడా ఉండదు. దానికి నా దగ్గరున్న మందు ఆ మాటే. అది పనిచేస్తోందా లేదా అని నేను ఆగి ఆలోచించిన రోజు లేదు. చాలామంది కళ్లు మూసుకునేవాళ్లు కాబట్టి పనిచేస్తోందనే అనుకున్నాను.

ఈ సంక్రాంతి సెలవుల్లో ఆ మాట తిరిగి నాకే తగిలింది. అన్నవాడు పన్నెండేళ్ల నా కొడుకు. అన్న చోటు బెలుం గుహల్లో, పాతాళగంగ అనే నీటి పాయకు దిగే సందు.

కనుమ మర్నాడు ఇంటిల్లిపాదీ బయలుదేరాం. మా అత్తగారు, మేం ముగ్గురం, మా ఆడపడుచు కుటుంబం, మరిది కుటుంబం, మొత్తం పదకొండు మంది. టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి పులిహోర డబ్బాలతో ఎక్కాం. రాజంపేట, కడప, జమ్మలమడుగు, మధ్యలో గండికోట. పెన్నా లోయ గురించి ఇక్కడ రాయను, రాస్తే ఇది ఆగదు. అసలు బెలుం మాట ఎత్తింది పిల్లలైతే, ఖాయం చేసింది మా అత్తగారు. లోపల పాతాళగంగ ఉందని ఎవరో చెప్పారట. "శ్రీశైలంలో పాతాళగంగ చూశాను, ఇక్కడ కూడా ఉంటే చూడొద్దా?" అన్నారు. తీరా వెళ్లాక మోకాళ్ల నొప్పులని తాను మెట్లు దిగలేదు. పైన నీడలో కూర్చుని, ఖాళీ నీళ్ల సీసా ఒకటి నా కొడుకు చేతికిచ్చి, "గంగ నీళ్లు తీసుకురా నాయనా" అని పంపించారు.

కొలిమిగుండ్ల దగ్గర పడుతుంటే దారికి రెండు పక్కలా నాపరాయి పలకలు. దొంతర్లు దొంతర్లుగా నిలబెట్టి ఉన్నాయి. మా ఇంట్లో నేల పరిచింది ఆ రాయే. వేసవిలో నేను చాప కూడా లేకుండా దాని మీద పడుకుంటాను. పొద్దున్నే ఆ నల్లని చల్లదనం అరికాళ్లకు తగిలితేగాని నాకు నిద్ర వదలదు. అంత చనువున్న రాయి నన్ను భయపెడుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

బెలుం గుహలు కొండలో ఉండవు. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు. చదునైన నేల, చుట్టూ చేలు, మధ్యలో బావి లాంటి గొయ్యి. అందులోకి మెట్లు. కింద సున్నపురాయి. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు లక్షల సంవత్సరాలు రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోతే ఇలా తయారవుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆంగ్ల భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. తర్వాత చాలాకాలం పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 83లలో డానియల్ గెబావర్ నాయకత్వంలో ఒక జర్మన్ బృందం వచ్చి లోపలంతా తిరిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. 2002 నుంచి మనలాంటివాళ్లను లోపలికి పంపుతున్నారు. అందులో మనం నడవగలిగేది ఒకటిన్నర కిలోమీటర్లే. మెట్లు లేకుండా, దీపాలు లేకుండా, బురదలో పొట్ట మీద పాకుతూ కొలత టేపు లాక్కెళ్లినవాళ్ల గురించి ఆ రోజు నాకు ఏ ఆలోచనా రాలేదు. ఇప్పుడు వస్తోంది. రోజూ వస్తోంది.

మొదట్లో అంతా బాగుంది. సింహద్వారం అని పిలిచే చోట పైనుంచి దిగిన రాళ్లు నిజంగానే జూలు విప్పిన సింహం తలలా ఉన్నాయి. విశాలమైన గదులు, పసుపు రంగు దీపాలు, నీడలు. ఉక్కపోత మాత్రం చెప్పలేను. గాలి రావడానికి అక్కడక్కడ గొట్టాలు ఏర్పాటు చేశారు. ఆ గొట్టం కింద నిలబడితే ప్రాణం లేచి వస్తుంది, రెండడుగులు దాటితే మళ్లీ చెమట. లోపలి గాలిలోనే తేమ నిండి ఉంటే ఒంటి మీది చెమట ఆరదు కదా. జనం కూడా ఎక్కువ. పండుగ సెలవులు, పిల్లల కేకలు, ఎవడో ఒక కుర్రాడు ప్రతిధ్వని కోసం ఈల వేయడం, దానికి ఇంకొకడు బదులు వేయడం.

పాతాళగంగ గుహలన్నిటికీ అడుగున ఉంటుంది, నేల మట్టం నుంచి దాదాపు నూట యాభై అడుగుల కింద. అక్కడికి దిగే దారి ఇరుకు. మొదట తల వంచాలి, తర్వాత నడుము వంచాలి. భుజాలకు రెండు వైపులా రాయి తగులుతుంది. నా ముందు నా కొడుకు, వాడి ముందు ఆడపడుచు పిల్లలు. వెనక మా ఆయన ఉండాలి. ఆయన ఫొటో తీసుకుంటూ ఎక్కడో ఆగిపోయారు. మా ఇద్దరి మధ్య ఎవరో పదిమంది చేరారు. సరిగ్గా సందు మధ్యలో వరస ఆగింది. కింద నుంచి పైకి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలట. ముందుకు కదలదు. సరే, ఒక నిమిషం వెనక్కి తగ్గుదామని తల తిప్పాను. వెనక మెడలు, ముఖాలు, చేతుల్లో ఫోన్లు, ఆ వెలుతురు అంతా నా కళ్లలోకి.

అంతే. ఏం జరిగిందో వరసగా రాయమంటే రాయలేను. ముందు నాలుక పిడచకట్టుకుపోయింది. గుండె చప్పుడు చెవుల్లో వినబడింది. వేళ్ల చివర్లు, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిరి. ఊపిరి పీలుస్తున్నాను, పీలుస్తూనే ఉన్నాను, ఒక్కటి కూడా లోపలి దాకా దిగడం లేదు. పైనున్న రాయి వంగి కిందికి వస్తున్నట్టనిపించింది. ఇక్కడే పోతాను, మా అత్తగారు పైన సీసా కోసం చూస్తూ ఉంటారు, ఇదే ఆలోచన. పోయే ముందు మనిషికి గొప్ప ఆలోచనలు వస్తాయంటారు. నాకు వచ్చింది ఇది.

తమాషా ఏమిటంటే, ఆ తిమ్మిరి ఎందుకో నాకు తెలుసు. గబగబా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి, తల తిరుగుతుంది, పెదవులు తిమ్మిరెక్కుతాయి. ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది, మనకు మాత్రం ఊపిరాడనట్టు ఉంటుంది. స్కాన్ గదిలో ఎంతోమందికి వివరించాను. ఆ చదువంతా నా తలలోనే ఉంది, తల నా చెప్పుచేతల్లో లేదు.

అప్పుడు నా కొడుకు వెనక్కి తిరిగి, అచ్చం నా గొంతులాగే పెట్టి, "ఏమీ కాదమ్మా, కళ్లు మూసుకో" అన్నాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో! ఏమీ కాదని వీడికెలా తెలుసు? కళ్లు మూసుకుంటే రాయి పోతుందా? ఉన్న ఒక్క ఆధారం చూపు, అది కూడా వదులుకోవాలా? పాపం, బిడ్డ నేను నేర్పిన మాటే అన్నాడు. సెలవు రోజుల్లో ఒకటి రెండు సార్లు ఆసుపత్రికి తీసుకువెళ్తే బయట గదిలో కూర్చుని విన్నాడు.

నన్ను కాపాడింది వెనకున్న ఒకావిడ. చంకలో పిల్లవాడు, కొంగు నడుముకు దోపుకుని ఉంది. మాటను బట్టి తాడిపత్రి వైపు మనిషిలా ఉంది. నన్ను ముట్టుకోలేదు, ధైర్యం చెప్పలేదు. "వెనక్కి పోదామా అక్కా?" అని ఒక్క మాట అడిగింది. నేను తల ఊపానో లేదో, వెనక్కి తిరిగి కేక పెట్టింది: "అందరూ తిరగండి! పైకి నడవండి! ఈ అక్కకు దారి కావాలి!" సందులో గొణుగుడు. ఎవరో విసుక్కున్నారు. ఆమె ఇంకోసారి అరిచింది. ఒక్కొక్క ముఖమూ తిరిగి వీపు అయింది. వీపుల వరస కదిలింది.

నేను ఇంకా ఒక్క అడుగు కూడా వేయలేదు. అదే రాయి, అదే ఉక్క, అదే చీకటి. అయినా దారి తెరుచుకుంటోందని తెలిసిన ఆ క్షణానే భయం సగానికి సగం దిగిపోయింది. ఊపిరి దానంతటదే కడుపు దాకా వెళ్లింది. ఇది నేను ఎన్నటికీ మరిచిపోను. ఆమె పేరు అడగలేదు. వెడల్పు గదిలోకి వచ్చాక పక్కకు జరిగి నాకు దారిచ్చి, మళ్లీ వరసలో నిలబడి కిందికి వెళ్లిపోయింది.

మా ఆయన నన్ను చూసి కంగారుపడి నీళ్లు తాగించారు. తాను ఆగిపోయినందుకు ఇప్పటికీ ఏదో ఒక సందర్భంలో వినవలసి వస్తోంది, వింటున్నారు. ఇంటికి చేరాక మా అత్తగారు ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ మూడు సార్లు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటుకు ఇల్లంతా దగ్గింది. ఆ రోజు నిజంగా ఊపిరాడనిది అప్పుడే. ఘాటు వచ్చింది కాబట్టి దిష్టి కాదని తేల్చేశారు. "ఇది ఉత్త భయమే, దీనికి నా దగ్గర మందు లేదు" అన్నారు. ఇంత నిజాయితీగా చెప్పే వైద్యులను నేను ఎక్కువమందిని చూడలేదు.

తర్వాత నన్ను ఒకటే ప్రశ్న తొలిచింది. నేనెందుకు భయపడ్డాను? ఇరుకు చోట్లు నాకు కొత్త కాదు. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్నాను, చిన్నప్పటి నుంచి. కంపార్టుమెంటు తలుపుకు తాళం వేసే ఉంటుంది. ఎప్పుడు తీస్తారో తెలియదు. అయినా కటకటాల్లోంచి గాలి వస్తుంది, పాలు వస్తాయి, పక్కనున్నవాళ్లు ఏ ఊరమ్మా అని అడుగుతారు, పిల్లలకు నిద్ర వస్తుంది. ఏ రోజూ నాకు గుండెదడ రాలేదు. తాళం ఉన్న చోట రాని భయం, తలుపే లేని చోట వచ్చింది.

చదివితే తెలిసిందేమిటంటే, ఇరుకు భయం ఒకటి కాదట, రెండట. మనస్తత్వ శాస్త్రవేత్తలు విడదీసి చూస్తారు. ఒకటి ఊపిరాడదేమోనన్న భయం. రెండోది కదలలేనేమో, బయటపడలేనేమోనన్న భయం. కొందరికి ఒకటే ఉంటుంది, కొందరికి రెండూ ఉంటాయి. గుహలో నాకు మొదట పుట్టింది రెండోది, అది మొదటిదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

మొదటిదానికి కారణం లేకపోలేదు. పీలేరు దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో నా చిన్నతనంలో ఒకటి రెండు పాతర్లు మిగిలి ఉండేవి. రాగులో జొన్నలో నేలలో గొయ్యి తీసి నిల్వ చేసేవాళ్లు. మూత తీసిన వెంటనే ఎవరినీ దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు. చాలాసేపు గాలి ఆడనిచ్చి, తాడుకు దీపం కట్టి దించేవాళ్లు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. వెలిగితేనే మనిషి దిగాలి. గింజలు కూడా ఊపిరి పీలుస్తాయి, లోపలి ఆక్సిజన్ తినేసి బొగ్గుపులుసు వాయువు నింపుతాయి అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అమ్మమ్మకు గింజల ఊపిరి సంగతి తెలియదు. "పాతర మనిషిని మింగుతుంది" అనేది. గవుల్లోకి కూడా పోవద్దనేది. మా వైపు గుహను గవి అనేవాళ్లు.

ఆ వాయువు మీద మన ఒంట్లో ఎంత పాత కాపలా ఉందో తెలిపే పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం ఉంటుంది. భయానికి అదే కేంద్రమని చెబుతారు. స్కాన్లలో బాదంగింజంత కనబడుతుంది, నేను రోజూ చూస్తాను. అది రెండు వైపులా దెబ్బతిన్న ముగ్గురితో 35 శాతం బొగ్గుపులుసు వాయువు కలిపిన గాలి ఒక్కసారి పీల్పించారు. వాళ్లలో ఒకావిడకు పాములన్నా సాలెపురుగులన్నా బొత్తిగా భయం లేదు. ముగ్గురూ హడలిపోయారు. అంటే ఆ కాపలావాడు అమిగ్డాలా కన్నా లోపలెక్కడో కూర్చుని ఉన్నాడు. దీపం ఆరకముందే అరిచే కాపలావాడు. అతణ్ణి "ఏమీ కాదు" అని బుజ్జగించబోవడం నా తెలివితక్కువతనం.

2018లో థాయ్‌లాండ్ గుహలో ఫుట్‌బాల్ పిల్లలు పన్నెండుమంది, వాళ్ల కోచ్ చిక్కుకుపోవడం అందరికీ గుర్తుండే ఉంటుంది. జూన్ 23న లోపలికి వెళ్లారు, వరద నీరు దారి మూసేసింది. ఆఖరివాళ్లు బయటికి వచ్చింది జూలై 10న. వాళ్లకు గాలి సిలిండర్లు చేరవేసి వస్తూ సమన్ కునన్ అనే మాజీ నావికాదళ సైనికుడు చనిపోయాడు. అప్పట్లో టీవీలో చూసి ఏడ్చాను. ఈ మధ్య ఇంకొంచెం చదివాను. పిల్లలను నీటి కిందుగా తీసుకురావడంలో ఈదేవాళ్లు అన్నిటికన్నా భయపడింది పిల్లల భయానికేనట. బురద నీటిలో, ఇరుకు సందులో పిల్లవాడు ఒక్కసారి హడలి ముఖానికున్న మాస్కు లాగేస్తే వాడూ పోతాడు, తెచ్చేవాడూ పోతాడు. అందుకని రిచర్డ్ హారిస్ అనే ఆస్ట్రేలియా మత్తు వైద్యుడు వాళ్లందరికీ మత్తిచ్చి నిద్రపుచ్చాడు. సూదికి ముందు ఇచ్చింది ఆల్ప్రజోలమ్ అనే, భయం తగ్గించే మాత్ర. చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. గొట్టంలోకి రాలేనన్నవాళ్లకు మా డాక్టర్లు రాసేది ఆ మాత్రే. పిల్లలకు ఎవరూ "ఏమీ కాదు" అని చెప్పి ఊరుకోలేదు. చాలా కావచ్చు కాబట్టే మాత్ర ఇచ్చారు.

గుహల్లో తిరగడమే వ్యాపకంగా ఉన్నవాళ్లు మనిషికి మూడు దీపాలు పట్టుకువెళ్తారట, ఒకటి ఆరితే ఇంకొకటి, అది ఆరితే మూడోది. ఏ గుహకు వెళ్తున్నామో ఎప్పటికి తిరిగి వస్తామో బయట ఒకరికి చెప్పి మరీ దిగుతారు. సందు బిగిస్తే ఊపిరి వదలమంటారు. వదిలితే ఛాతీ తగ్గుతుంది, ఒక వేలు మందం చోటు దొరుకుతుంది. హడలినవాళ్లు చేసేది సరిగ్గా దీనికి ఎదురు. ఊపిరి నిండా పీల్చి, ఛాతీ ఉబ్బించి, ఉన్న సందును తామే ఇంకా ఇరుకు చేసుకుంటారు.

ఇదంతా చదువుతుంటే నిరుడు వచ్చిన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. చంద్రగిరి వైపు మనిషి. నడుము నొప్పి. బావుల్లో పూడిక తీయడం ఆయన పని, అరవై అడుగులు దిగేవాణ్ణని చెప్పుకున్నాడు. బల్ల గొట్టంలోకి సగం వెళ్లిందో లేదో, "వద్దు తల్లీ, బయటికి తియ్యి" అని అరిచాడు. నేను నా మందు వేశాను. ఏమీ కాదు తాతా. వినలేదు. లేచి చొక్కా వేసుకుంటుంటే, "అంత లోతు బావికి భయపడనివాడివి, దీనికి భయపడతావా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "బావిలో మోకు ఉంటుంది తల్లీ" అన్నాడు. "రెండుసార్లు లాగితే పైన మా తమ్ముడు తీస్తాడు." వెళ్లిపోయాడు. స్కాన్ తీయించుకోలేదు. ఆ రోజు రిజిస్టరులో "రోగి సహకరించలేదు" అని రాశాను. నా చేతిరాతే.

మోకు మా దగ్గర కూడా ఉంది. అది చెప్పాలి. లోపలికి వెళ్లే ప్రతి మనిషి చేతిలో ఒక రబ్బరు బంతి పెడతాం. దాన్ని నొక్కితే మా గదిలో బెల్లు మోగుతుంది. ఇన్నేళ్లూ దాన్ని చేతిలో కుక్కి, "అవసరమైతే నొక్కండి" అని గబగబా అనేసి వెళ్లిపోయేదాన్ని. అవసరమైతే అంటే ఏమిటి? నొక్కితే ఎవరు వస్తారు, ఎంతసేపటికి వస్తారు? ఏదీ చెప్పేదాన్ని కాదు. బెల్లు పెట్టింది మాకోసమని, నొక్కితే స్కాన్ పాడవుతుందని, మేం తిడతామని చాలామంది అనుకుంటారు. బెలుం నుంచి వచ్చాక కొందరిని అడిగితే చెప్పారు.

ఇప్పుడు బల్ల కదలకముందే ఒకసారి నొక్కమంటాను. నొక్కుతారు. నేను అద్దం వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి వచ్చి వాళ్ల పక్కన నిలబడతాను. "ఎన్ని అంకెలు లెక్కపెట్టారు?" అని అడుగుతాను. ఆరో ఏడో అంటారు. తర్వాత బల్లను లోపలికి పంపి, అక్కడ మళ్లీ నొక్కమంటాను, వెంటనే బయటికి లాగుతాను. ఆ రెండోసారికి ముఖం మారుతుంది. గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుందని కూడా చూపిస్తాను. వెనక వైపు నడిపించి, వంగి చూడమంటాను. ఆశ్చర్యంగా ఉంటుంది గాని, చాలామంది అది మూసిన పీపా అనుకుంటారు. మా యంత్రం లోపలి వెడల్పు అరవై సెంటీమీటర్లు, రెండడుగులకు కాస్త తక్కువ. కొత్తవి డెబ్బై ఉంటాయి. ఆ పది సెంటీమీటర్ల కోసం బెంగ పెట్టుకోవడం మానేశాను. కళ్లకు గుడ్డ కట్టేది ఉంటే బయటే కడతాను, లోపలికి వెళ్లి రాయిని... గొట్టాన్ని చూశాక కాదు. మోకాలి స్కాన్ అయితే కాళ్ల వైపు నుంచి పంపుతాం, తల బయటే ఉంటుంది. ఒంటి మీద ఇనుము ఏదీ లేదని చూసుకుని, ఇంటివాళ్లలో ఒకరిని పాదం పట్టుకుని కూర్చోమంటాం.

ఇనుమంటే గుర్తొచ్చింది. తాళిబొట్టు తీయమంటే చాలామంది ఆడవాళ్లకు స్కాన్ భయం కన్నా అది పెద్ద భయం. అందుకని నా సొరుగులో పసుపుతాడు, పసుపుకొమ్ము ఎప్పుడూ ఉంచుతాను. అది మెడలో కట్టి ఇది తీయిస్తాను. ఈ ఒక్క పని మాత్రం నేను మొదటి నుంచీ సరిగ్గానే చేశాను. తాళి తీసినా ఏమీ కాదు అని నేను ఎవరితోనూ అనలేదు. ఆ భయం నాకు అర్థమయ్యేది కాబట్టి కాబోలు.

ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతోంది. రోజుకు ఇరవైమంది ఉన్నప్పుడు సాయంత్రానికి గంట ఆలస్యమవుతుంది, పైవాళ్ల విసుగు వినాలి. అందరికీ పనిచేస్తుందనీ చెప్పను. మొన్న పుత్తూరు నుంచి వచ్చిన ఒకావిడ మూడుసార్లు బెల్లు నొక్కింది, మూడుసార్లూ తీశాను, నాలుగోసారి వద్దంది. మత్తు ఇచ్చే డాక్టరు ఉన్న రోజున రమ్మన్నాం. రిజిస్టరులో "సహకరించలేదు" అని రాయలేదు. ఆ గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను.

చంద్రగిరి పెద్దాయన కోసం పాత రిజిస్టరులో ఫోన్ నంబరు వెతికి చేశాను. ఆ నంబరు పనిచేయడం లేదు.

పాతాళగంగ నేను చూడలేదు. నా కొడుకు చూశాడు. ఆ రోజు నేను పైకి వచ్చేశాక వాడు వాళ్ల అత్తతో కలిసి కిందికి వెళ్లి, సీసా నింపుకుని వచ్చాడు. ఆ నీళ్లు మా దేవుడి గదిలో కాశీ చెంబు పక్కన చేరాయి. ఏకాదశికి తలా ఒక చుక్క. వేసవి సెలవుల్లో మళ్లీ వెళ్దామంటున్నాడు. రానని అనలేదు. పండుగ రోజు వద్దు, ఆదివారం వద్దు, పొద్దున తలుపులు తీయగానే దిగాలి, వరసలో నేను అందరికన్నా చివర నడుస్తాను, నా వెనక ఎవరూ ఉండకూడదు అని షరతులు పెట్టాను. వాటన్నిటినీ వాడు నోటుపుస్తకంలో వరసగా రాసుకుని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. వంటింట్లోంచి వింటున్న మా అత్తగారు, "ఈసారి సీసా చాలదు, చిన్న బిందె తీసుకువెళ్లండి" అన్నారు.